పాత నెట్‌బుక్ మీద యాంటిఎక్స్: ఐదేళ్లు వాడాక

నా నెట్‌బుక్ (చిన్న ల్యాప్‌టాప్) 2009 నాటిది. ఇంటెల్ ఆటమ్ ఎన్270, 1.6 గిగాహెర్ట్జ్, ఒకటే కోర్, పాత తరం 32 బిట్ సాఫ్ట్‌వేరు మాత్రమే నడుస్తుంది. విండోస్ ఎక్స్‌పీతో వచ్చింది. 2014 ఏప్రిల్‌లో ఎక్స్‌పీకి అప్‌డేట్లు ఆగిపోయాక అటకెక్కింది. 2020లో దించి, దుమ్ము దులిపి యాంటిఎక్స్ 19 అనే తేలికపాటి లైనక్స్ ఓఎస్ వేశాను. ఇప్పుడు 23 మీద ఉంది. మధ్యలో ఏ పది రోజులో తప్ప రోజూ దాన్ని తెరుస్తూనే ఉన్నాను.

మొదట వేసింది యాంటిఎక్స్ కాదు. 'లైట్' అని పేరున్న ఇంకో డిస్ట్రో, అంటే లైనక్స్‌లో ఇంకో రకం. బొమ్మలు, నీడలు, అందమైన మెనూలు అన్నీ ఉన్నాయి. ఆన్ చేసి స్నానానికి వెళ్లొచ్చినా మౌస్ పక్కన చక్రం ఇంకా తిరుగుతూనే ఉండేది. నాలుగు జీబీ ర్యామ్ ఉన్నవాళ్లకు లైట్ అనిపించేది ఒక జీబీ వాడికి బరువేనని అప్పుడు తెలిసింది. తర్వాత పప్పీ లైనక్స్ పెన్‌డ్రైవ్ నుంచి రెండు నెలలు నడిపాను. మొత్తం సిస్టమ్ ర్యామ్‌లోకి ఎక్కేస్తుంది కాబట్టి చురుగ్గా ఉంటుంది. కానీ అన్నీ రూట్‌గానే, అంటే సిస్టమ్ మీద పూర్తి అధికారంతోనే నడవడం నాకు నచ్చలేదు. పాడైన డిస్కుల నుంచి ఫైళ్లు లాగడానికి ఆ పెన్‌డ్రైవ్ మాత్రం ఇప్పటికీ దాచుకున్నాను.

యాంటిఎక్స్‌కు పునాది డెబియన్ అనే పెద్ద డిస్ట్రో. చాలా డిస్ట్రోల్లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ ఇందులో లేదు. డెస్క్‌టాప్ అంటే ఐస్‌డబ్ల్యూఎం అనే చిన్న విండో మేనేజరు, ఒక ఫైల్ మేనేజరు, అంతే. ఏమీ తెరవకుండా చూస్తే నా మెషీన్‌లో ర్యామ్ వాడకం 170 ఎంబీ దగ్గర ఉంటుంది. చూడ్డానికి పాతకాలం వాసన కొడుతుంది, ఒప్పుకుంటాను. సెట్టింగులు కూడా నాలుగైదు చోట్ల చెల్లాచెదురుగా ఉంటాయి. కంట్రోల్ సెంటర్‌లో ఏది ఎక్కడుందో అలవాటు కావడానికి నాకు నెల పట్టింది. పాత వెర్షన్ నుంచి కొత్తదానికి వెళ్లేటప్పుడు పైపైన అప్‌గ్రేడ్ చేయకుండా హోమ్ ఫోల్డరు పక్కన పెట్టుకుని మళ్లీ మొదటి నుంచి వేశాను. ఒక సాయంత్రం పని.

నిజం చెప్పాలంటే డిస్ట్రో మార్పు కన్నా ఎక్కువ తేడా చూపించింది పాత హార్డ్ డిస్కు బదులు పెట్టిన ఎస్ఎస్‌డీ. డిస్కు తగిలించే సాటా పోర్టు పాతది కాబట్టి దాని పూర్తి వేగం రాదు. అయినా చిన్న చిన్న ఫైళ్ల కోసం ముల్లు అటూ ఇటూ పరిగెత్తే బాధ పోయింది. ర్యామ్ ఒకటి నుంచి రెండు జీబీ చేశాను, ఈ బోర్డుకు అదే గరిష్ఠం. ఈ రెండూ చేయకుండా కేవలం ఓఎస్ మార్చి అద్భుతం జరగాలంటే జరగదు.

అసలు గొడవంతా బ్రౌజరుతోనే. సిస్టమ్ మొత్తం 170 ఎంబీలో సర్దుకుంటే, ఒక్క వార్తల సైటు తెరిచేసరికి అంతకు రెండు మూడు రెట్లు పోతుంది. ఓఎస్‌ను ఎంత చిక్కించినా వెబ్ పేజీ చిక్కదు కదా. ఫైర్‌ఫాక్స్ ఈఎస్ఆర్‌లో (ఎక్కువ కాలం అప్‌డేట్లు వచ్చే వెర్షన్) ప్రకటనలు ఆపే యూబ్లాక్ ఆరిజిన్ పెట్టి, రెండు ట్యాబుల కన్నా ఎక్కువ తెరవకూడదని నాకు నేనే నియమం పెట్టుకున్నాను. ఉత్త అక్షరాలుండే పేజీలకు నెట్‌సర్ఫ్ అనే చిన్న బ్రౌజరు చాలు. జడ్‌ర్యామ్ ఆన్ చేశాక ర్యామ్ నిండినప్పుడు ఒక్కసారిగా బిగుసుకుపోవడం తగ్గింది. ప్రస్తుతం వాడని డేటాను డిస్కుకు నెట్టకుండా ర్యామ్‌లోనే కుదించి, నొక్కి పెడుతుంది కాబట్టి. ఆ కుదింపుకు ఎల్‌జడ్4 పద్ధతి పెట్టుకోండి, ఈ ప్రాసెసరుకు అదే తేలిక.

వీడియోలు బ్రౌజరులో చూడాలనుకుంటే స్లైడ్ షోనే. సైట్లు పంపే కొత్త కోడెక్‌లను (వీడియోను కుదించే పద్ధతులను) విప్పే సత్తా ఈ గ్రాఫిక్స్ చిప్‌కు లేదు, భారమంతా ప్రాసెసరు మీదే పడుతుంది. వీడియోలు దించే వైటీ-డీఎల్‌పీతో పాత కోడెక్ హెచ్.264, 360పీ ఎంచుకుని ఎంపీవీ అనే ప్లేయరులో చూస్తే మాత్రం ఆగకుండా ఆడుతుంది.

ఒక రోజు ఏ సైటూ తెరుచుకోలేదు. సర్టిఫికెట్ చెల్లదని అన్నిచోట్లా అదే ఎర్రర్. బ్రౌజరు తీసి మళ్లీ వేశాను, ప్రొఫైల్ చెరిపేశాను, బుక్‌మార్కులు పోగొట్టుకున్నాను. రెండు గంటల టెన్షన్ తర్వాత మూలన ఉన్న గడియారం వైపు చూస్తే 2008 జనవరి ఒకటి! మదర్‌బోర్డు మీద గడియారాన్ని నడిపే బిళ్ల బ్యాటరీ చచ్చిపోయింది. తేదీ తప్పయితే సైట్ల సర్టిఫికెట్లు ఏవీ చెల్లవు మరి. పాత మెషీన్ దించగానే ముందు మార్చాల్సింది అదే.

ఇంకోటి, తెర ఎత్తు 600 పిక్సెళ్లే. చాలా సెట్టింగుల కిటికీల్లో 'ఓకే' బటన్ తెర కిందకు జారిపోతుంది. ఆల్ట్ నొక్కి పట్టుకుని కిటికీని మౌస్‌తో పైకి లాగితే దొరుకుతుంది. ఇది తెలియక మొదటి వారం ట్యాబ్, ఎంటర్ గుడ్డిగా కొట్టుకుంటూ గడిపాను.

మీ దగ్గరున్నది కోర్ 2 డ్యుయో, నాలుగు జీబీ అయితే ఈ తిప్పలు చాలావరకు ఉండవు. అది 64 బిట్, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్ ఉన్న మామూలు డిస్ట్రో వేసేయండి. నాలాంటి 32 బిట్ వాళ్లకే దారి ఇరుకవుతోంది. క్రోమ్ 2016లోనే 32 బిట్ లైనక్స్‌ను వదిలేసింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలరే లేదు. ఫైర్‌ఫాక్స్ కూడా 144తో ఆపేసి, ఈఎస్ఆర్ 140కి 2026 సెప్టెంబరు దాకా అప్‌డేట్లు ఇస్తామంది.

అందుకే ఇప్పటికే బ్యాంకు పనులు దీని మీద మానేశాను. రాసుకోవడం, పాటలు వినడం, పీడీఎఫ్‌లు చదవడం, ఇంట్లో ఫైళ్లు పంచుకోవడం వరకు యాంటిఎక్స్ 23 ఇంకా హాయిగా నడుస్తోంది. కీబోర్డులో 'ఎన్' మీట మాత్రం ఈ మధ్య రెండుసార్లు నొక్కితే గానీ పడటం లేదు. ముందు దాని సంగతి చూడాలి.