టిగ్ వెల్డింగ్‌కి సిలిండర్ కొంటున్నారా? డీలర్ మాట నమ్మకండి, లేబుల్ చదవండి

ఇంట్లో చిన్న మెషీన్ పెట్టుకుని వెల్డింగ్ చేసుకునే వాళ్ళందరూ ఇది దయచేసి చదవండి. "వెల్డింగ్ గ్యాస్ అంతా ఒకటే సార్, ఏదైనా పనిచేస్తుంది" అనే డీలర్ ఎదురైతే అక్కడ కొనకండి. వెల్డింగ్ గ్యాస్ అనే పేరుతో ఒక గ్యాస్ లేదు. ఏ లోహానికి, ఏ పద్ధతికి ఏ గ్యాస్ అన్నది వేరు వేరు. అది తప్పితే డబ్బుతో పాటు చేసిన పని కూడా పాడవుతుంది.

టిగ్ అంటే కరగని టంగ్‌స్టన్ కడ్డీ మొన నుంచి ఆర్క్ (విద్యుత్ మంట) పుట్టించి, గాలి తగలకుండా చుట్టూ గ్యాస్ వదులుతూ చేసే వెల్డింగ్. నేను అడిగింది స్టెయిన్‌లెస్ స్టీల్ టిగ్ పనికి ప్యూర్ ఆర్గాన్. ఫోన్‌లో చెప్పి, మెసేజ్‌లో కూడా రాసి పంపాను. వచ్చిన సిలిండర్ మీద "ఆర్గాన్" అని స్టిక్కర్ ఉంది. రెగ్యులేటర్ బిగించి, సబ్బు నీళ్ళతో లీకులు చూసుకుని ఆర్క్ మొదలుపెట్టగానే తేడా తెలిసిపోయింది. ఆర్క్ ఒకచోట నిలవలేదు, అటూ ఇటూ కొట్టుకుంది. ఆపి చూస్తే, తళతళలాడుతూ ఉండాల్సిన టంగ్‌స్టన్ మొన నల్లగా మాడి ఉబ్బిపోయింది. దాని చుట్టూ పసుపు, నీలం కలిసిన బూజులాంటి పొడి. బీడ్ (అతుకు గీత) బూడిద రంగులో, చేత్తో తాకితే గరగరలాడింది.

డీలర్‌కి ఫోన్ చేస్తే "మీ మెషీన్ సెట్టింగ్ చూసుకోండి, ఫ్లో పెంచండి" అన్నాడు. ఈ సలహా పట్టుకుని గ్యాస్ వృథా చేసుకోకండి. టిగ్‌కి మామూలు కప్పుతో (టార్చ్‌లో గ్యాస్ బయటికొచ్చే మూతి) నిమిషానికి 6 నుంచి 10 లీటర్లు సరిపోతుంది. అంతకు మించి బాగా పెంచితే గ్యాస్ సుడులు తిరిగి బయటి గాలిని లోపలికి లాగుతుంది, వెల్డ్‌లో రంధ్రాలు పడతాయి. టంగ్‌స్టన్ మళ్ళీ గ్రైండ్ చేశాను, కప్పు మార్చాను, కనెక్షన్లు సరిచూశాను. అదే తంతు. చివరికి తెలిసినాయన దగ్గరున్న ఆర్గాన్ సిలిండర్ తెచ్చి అదే మెషీన్‌కి, అదే హోస్‌కి తగిలిస్తే వెల్డ్ శుభ్రంగా వచ్చింది, మొన కూడా చెక్కుచెదరలేదు.

అప్పుడు అనుమానం వచ్చి మొదటి సిలిండర్ మీది స్టిక్కర్ అంచు గోటితో లేపాను. దాని కింద ఇంకో స్టిక్కర్ ఉంది: ఆర్గాన్ 75 శాతం, సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) 25 శాతం. ఆ సంగతి డీలర్‌కి చెబితే వచ్చిన జవాబు, "అందులోనూ ఎక్కువ ఆర్గానే కదా! వాల్వ్ తెరిచారు కాబట్టి వాపసు కుదరదు." ఈ మాటకే నాకు ఒళ్ళు మండింది. కొత్తగా నేర్చుకునే కుర్రాడు ఎవరైనా అయితే తన చేతిలోనే లోపం ఉందనుకుని నేర్చుకోవడమే మానేసేవాడు.

ఆ 25 శాతమే కొంప ముంచేది. ఆర్క్ వేడికి సీఓటూ విడిపోయి ఆక్సిజన్ బయటికొస్తుంది. తెల్లగా కాలుతున్న టంగ్‌స్టన్‌ని అది తినేస్తుంది. వైరే ఆర్క్ ఇస్తూ కరిగి అతుకయ్యే మిగ్ పద్ధతిలో అయితే వైరు ఎలాగూ కరిగిపోయేదే. పైగా మైల్డ్ స్టీల్ వైరులో ఆ ఆక్సిజన్‌ని పట్టుకోవడానికే సిలికాన్, మాంగనీస్ కలుపుతారు. టిగ్‌లో ఆ రక్షణ లేదు, మొన కరగకుండా నిలబడాలి. అందుకే టిగ్‌కి ప్యూర్ ఆర్గానే, పెద్ద మందం పనికైతే ఆర్గాన్‌తో హీలియం. ఇంటి పనికి సీఓటూ కలిసినది ఏదీ టిగ్‌కి వద్దు.

అలాగని ఆ మిశ్రమం చెడ్డది కాదు. మిగ్‌లో మైల్డ్ స్టీల్‌కి అది చక్కటి గ్యాస్, పల్చటి రేకుల మీద మరీ బాగుంటుంది. ఉత్త సీఓటూ కూడా మైల్డ్ స్టీల్‌కి పనికొస్తుంది. చవక, లోతుగా దిగుతుంది, కానీ చిటపటలాడుతూ స్పాటర్ (కరిగిన లోహపు చుక్కలు) ఎక్కువ పడుతుంది. అల్యూమినియానికి మాత్రం మిగ్ అయినా ప్యూర్ ఆర్గానే. సీఓటూ కలిస్తే మసి తప్ప వెల్డ్ రాదు. స్టెయిన్‌లెస్‌ని మిగ్‌తో చేసేవాళ్ళు సీఓటూ 2 శాతం దాకా ఉన్న ఆర్గాన్ అడగండి. 25 శాతంతో కూడా అతుకుతుంది, కానీ కార్బన్ చేరి తుప్పు తట్టుకునే గుణం తగ్గుతుంది, అది తర్వాతెప్పుడో బయటపడుతుంది. బెలూన్లలో నింపే హీలియం తక్కువకి దొరుకుతోందని తెచ్చుకోకండి, అందులో గాలి కలిసి ఉండొచ్చు.

కొనేటప్పుడు ముందు చూడాల్సింది లేబుల్ మీద గ్యాస్ పేరు, శాతం, ప్యూరిటీ. ఆర్గాన్ 4.6 అని ఉంటే 99.996 శాతం, 5.0 అంటే 99.999 శాతం. చాలా లేబుళ్ళ మీద ఐఎస్‌ఓ 14175 కోడ్ కూడా ఉంటుంది. ఐ1 అంటే ప్యూర్ ఆర్గాన్, సీ1 అంటే ఉత్త సీఓటూ, ఎం21 అంటే ఆర్గాన్‌లో 15 నుంచి 25 శాతం వరకు సీఓటూ. సిలిండర్ రంగు చూసి నిర్ణయించుకోకండి, రంగుల పద్ధతి దేశాన్ని బట్టి మారుతుంది. స్టిక్కర్ మీద స్టిక్కర్ ఉంటే అక్కడే ఆగిపోండి.

గేజ్ కూడా కొంత చెబుతుంది. నిండు ఆర్గాన్ సిలిండర్ సాధారణంగా 150 నుంచి 200 బార్ చూపిస్తుంది. సీఓటూ లోపల ద్రవంగా ఉంటుంది కాబట్టి 20 డిగ్రీల దగ్గర 57 బార్ చుట్టూ నిలబడుతుంది. "నిండు ఆర్గాన్" అని ఇచ్చినది 60 దగ్గరే ఆగితే అది సగానికి పైగా ఖాళీ అయినా అయ్యుండాలి, సీఓటూ అయినా అయ్యుండాలి. అయితే నాకు అంటగట్టిన మిశ్రమం కూడా ఆర్గాన్ లాగే ఎక్కువ ప్రెషర్ చూపిస్తుంది కాబట్టి దాన్ని గేజ్ పట్టుకోలేదు. దానికి పరీక్ష వేరు. కొత్తగా గ్రైండ్ చేసిన టంగ్‌స్టన్, శుభ్రం చేసిన స్టీల్ ముక్క తీసుకుని కొన్ని సెకన్లు ఆర్క్ పెట్టండి. ఆపాక పోస్ట్‌ఫ్లో (ఆర్క్ ఆగాక కాసేపు వచ్చే గ్యాస్) పూర్తయ్యేదాకా టార్చ్ కదపకండి. మొన మెరుస్తుంటే గ్యాస్ బాగున్నట్టు. నల్లబడితే ముందు లీకులు, ఫ్లో చూసుకోండి. అవన్నీ సరిగ్గా ఉన్నా మళ్ళీ మాడితే వేరే సిలిండర్‌తో పోల్చి చూడండి. ఈ పరీక్ష సిలిండర్ వచ్చిన రోజే చెయ్యండి.

తేడా గ్యాస్ వచ్చిందని కోపంతో గదిలోనే వాల్వ్ తెరిచి వదిలేయకండి. ఆర్గాన్, సీఓటూ రెండూ గాలికన్నా బరువు. మూసి ఉన్న గదిలో, గుంటల్లో కింద పేరుకుని ఆక్సిజన్‌ని తోసేస్తాయి. ఆర్గాన్‌కి వాసన కూడా ఉండదు, ఊపిరాడకుండా పోతున్నట్టు తెలియను కూడా తెలియదు.

రెండు స్టిక్కర్ల ఫొటోలు, నేను పంపిన మెసేజ్ కలిపి డీలర్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. రీఫిల్ డబ్బులు మళ్ళీ కడితే మార్చి ఇస్తామంటున్నారు, నేను ఒప్పుకోలేదు. మీరు బిల్లు తీసుకునేటప్పుడు "గ్యాస్ సిలిండర్" అని రాస్తే ఊరుకోకండి. గ్యాస్ పేరు, శాతం, సిలిండర్ మీద చెక్కిన నంబర్, అన్నీ బిల్లులో రాయించుకోండి.