రమ్మీ వచ్చిన చేత్తో ఫైవ్ కార్డ్ డ్రా నేర్చుకుంటే... మూడేళ్ళ తర్వాత నా రివ్యూ

మా అన్నయ్య డల్లాస్ నుంచి సంక్రాంతికి వచ్చినప్పుడు నేర్పించి వెళ్ళాడండి ఫైవ్ కార్డ్ డ్రా అనే ఈ పోకర్ ఆట, అప్పట్నుంచి మూడేళ్ళ పైనే అయింది, దాదాపు ప్రతి ఆదివారం రాత్రి నేను, మా ఆయన, మామయ్య, అత్తయ్య, పక్క ఫ్లాట్ వాళ్ళిద్దరూ కూర్చుంటాం. పోకర్ అనగానే అందరూ ఇంకో రకమైన టెక్సాస్ హోల్డెమ్ అంటారు గానీ మొదటిసారి నేర్చుకునేవాళ్ళకి నేనైతే ఇదే చెప్తా.

ఆట చాలా చిన్నది. తలా ఒక చింతపిక్క మధ్యలో పెట్టాలి, ఐదు ముక్కలు బోర్లా పంచుతారు, ఒక రౌండ్ బెట్, తర్వాత నచ్చని ముక్కలు పడేసి అన్నే కొత్తవి తీసుకోవచ్చు, అదీ ఒక్కసారే, మళ్ళీ ఒక రౌండ్ బెట్, చివరిదాకా ఉన్నవాళ్ళు షో. పది నిమిషాల్లో వచ్చేస్తుంది. మాకు మాత్రం ఆర్నెల్లు పట్టింది, ఎందుకంటే మాకు ముందే పేక వచ్చు కదా!

మూడు ముక్కలాట తెలిసినవాళ్ళకి మొదటి దెబ్బ ర్యాంకుల దగ్గరే, అంటే ఏ చెయ్యి (చేతిలో పడ్డ ముక్కలు) దేన్ని కొడుతుందో అక్కడే తగుల్తుంది. మొదటివారం నాకు 6 నుంచి 10 దాకా వరసగా పడితే ఎగిరి గంతేసి ఉన్న పిక్కలన్నీ తోసేశా, అన్నయ్య తాపీగా ఐదు కళావర్లు చూపించి మొత్తం లాగేసుకున్నాడు. అదేంటి, సీక్వెన్స్ కలర్‌ని (అన్నీ ఒకే గుర్తు ముక్కలు) కొట్టాలి కదా అని నేను, కాదని వాడు, గొడవ గొడవ. చివరికి కాగితం మీద లెక్కేసి చూపించాడు. మూడు ముక్కల్లో 22,100 రకాల చేతులుంటే సీక్వెన్స్‌లు 720, కలర్లు 1,096. ఐదు ముక్కలకొచ్చేసరికి 25,98,960 చేతుల్లో వరసలు 10,200, కలర్లు 5,108. తక్కువగా పడేదే పెద్దది, అందుకే తిరగబడింది. ఇంకోటి, అక్కడ మూడు ఆసులు పడితే తిరుగే లేదు, ఇక్కడ మామూలు 4-5-6-7-8 కూడా దాన్ని కొట్టేస్తుంది. ఇది మామయ్య ఇప్పటికీ ఒప్పుకోరు.

రెండో ఇబ్బంది రమ్మీ అలవాటు. మామయ్య ముప్పై ఏళ్ళ రమ్మీ చెయ్యి, జత కనిపిస్తే పడేసి 5-6-8-9 పట్టుకుని ఏడు కోసం కూర్చుంటారు. "సీక్వెన్స్ లేకుండా షో ఏంటమ్మా" అంటారు. రమ్మీలో ప్రతి వంతుకీ ఒక ముక్క వస్తుంది కాబట్టి కాచుకుంటే పడొచ్చు, ఇక్కడ ఛాన్స్ ఒక్కటే, మనకి కనపడని 47 ముక్కల్లో ఏడులు నాలుగే, అంటే దాదాపు పన్నెండుసార్లకి ఒకసారే వస్తుంది. అదే ఇస్పేట్లు నాలుగుంటే ఐదోదానికి తొమ్మిది ముక్కలున్నాయి, 19 శాతం. జత ఉంచుకుని మూడు మారిస్తే దాదాపు 29 శాతం సార్లు చెయ్యి బాగుపడుతుంది. నేనీ మూడు అంకెలే గుర్తుపెట్టుకున్నా, మిగతాదంతా ఎదుటివాళ్ళ మొహం చూసి ఆడేయడమే.

మొహం కన్నా ముఖ్యం ఎవరు ఎన్ని మార్చుకున్నారో చూడటం. పడేసిన ముక్కలు రమ్మీలోలాగా కనపడవు, బోర్లా వేస్తారు, మనకి తెలిసేది లెక్కొక్కటే. మూడు తీసుకుంటే జత ఉన్నట్టు, ఒక్కటి తీసుకుంటే రెండు జతలో, వరస కోసమో, కలర్ కోసమో. ఏమీ తీసుకోకపోతే భయపడాలి. ఒకరోజు అత్తయ్య ఏమీ వద్దన్నారు, బెట్ మీద బెట్ వేశారు, అందరం వరసగా డ్రాప్, అంటే ముక్కలు పడేసి ఆ చేతి నుంచి తప్పుకున్నాం. చూస్తే ఆవిడ చేతిలో ఏడుల జత. "మార్చుకుంటే పాయింట్లు పడతాయేమో అనుకున్నానే" అన్నారు. అంత మంచి బ్లఫ్ మూడేళ్ళలో మళ్ళీ చూళ్ళేదు.

డబ్బులు పెట్టం, మా ఏపీలో అది నేరం, 2020లో చట్టం మార్చి ఆన్‌లైన్ పందేలు కూడా అందులో చేర్చారు. అలాగని ఉత్త పిక్కలకి ఆడితే ఎవరూ డ్రాప్ చెయ్యరు, ప్రతి చేతికీ చివరిదాకా వస్తారు, ఆటే ఉండదు. ఫోన్‌లో డబ్బుల్లేని ఆప్ ఒకటి రెండు నెలలు వాడా, అక్కడా ఇదే గోల, ఫ్రీ చిప్స్ కదా అని ప్రతివాడూ మొత్తం తోసేస్తాడు, తీసేశా. మా ఇంట్లో ముందు ఎవరి పిక్కలు అయిపోతే వాళ్ళు ఆ రాత్రి అంట్లు తోమాలి. ఈ రూల్ పెట్టాకే మా ఆయనకి డ్రాప్ చెయ్యడం వచ్చింది. ఐదు ముక్కలు పడితే సగంసార్లు జత కూడా ఉండదు, రమ్మీలో మొదటి డ్రాప్‌కే 20 పాయింట్లు పోతాయి, ఇక్కడ పోయేది ఒక్క పిక్క, ఇంకేం కావాలి.

మైనస్‌లూ ఉన్నాయి. ఏడుగురు కూర్చుంటే ఒక పేక చాలదు, అందరూ మూడేసి మారిస్తే 56 ముక్కలు కావాలి. కాగితం పేక మా ఉక్కపోతకి నాలుగు నెలల్లో మెత్తబడి అంటుకుపోయింది, ప్లాస్టిక్‌దే కొనండి. బయట తోడు దొరకడం కష్టం, పోకర్ వచ్చన్నవాళ్ళు కూడా హోల్డెమ్ అయితేనే వస్తామంటారు. కొంచెం అలవాటయ్యాక జాకీల జత, లేదా దానికన్నా పెద్దది ఉన్నవాళ్ళే బెట్ మొదలుపెట్టాలని ఆడి చూడండి, ఎవరికీ లేకపోతే మధ్యలో పిక్కలు అలాగే ఉండిపోయి కుప్ప పెరుగుతుంది, జాక్‌పాట్ అనే మాట ఇక్కడిదేనంట.

ఐదుకి నాలుగు ఇస్తా. మామయ్య మాత్రం నిన్న కూడా జత విడగొట్టి ఏడు కోసం చూశారు, పడింది కూడా! ఇంక ఆయనకి లెక్కలు చెప్పడం మానేశా.