ఆడకుక్కకు ఆపరేషన్: తక్కువ ఖర్చు క్యాంపా, పశువుల దవాఖానా, ప్రైవేటు క్లినిక్కా... ఏది మేలు?

హనుమకొండలో ప్రైవేటు పెట్ క్లినిక్‌కు ఫోన్ చేసి, ఆడకుక్కకు పిల్లలు కాకుండా ఆపరేషన్ ఎంతవుతుందని అడిగితే వేలల్లో చెప్తారు. జంతు సంక్షేమ సంస్థలు పెట్టే క్యాంపులోనో, తక్కువ ఫీజు క్లినిక్‌లోనో అయితే అదే పని వందల్లో అయిపోతుంది, ఒక్కోసారి ఉచితం. ఈ తేడా వినగానే కొందరు "ప్రైవేటోళ్లు పైసలు గుంజుతున్నరు" అంటారు. ఇంకొందరు "అగ్గువకు చేసేటోళ్లు కుక్కను సరిగ్గ చూస్తరా?" అంటారు. ఆ ధరలో ఏమేం కలిసి ఉన్నాయి, ఏమేం లేవు అని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. నా లెక్కలో ముందు అడగాల్సింది అదే.

ఆపరేషన్ ఎక్కడైనా ఒకటే. మత్తు ఇచ్చి, పొట్ట మధ్యలోనో పక్క డొక్కలోనో కోసి, అండాశయాలను, మామూలుగా గర్భసంచిని కూడా తీసేసి, రక్తనాళాలను గట్టిగా ముడివేసి, పొరలు పొరలుగా కుట్లు వేస్తారు. డొక్కలో కోత చూసి కొందరు కంగారు పడతారు కానీ అదీ సరైన పద్ధతే. వీధి కుక్కల ఆపరేషన్లలో దాన్ని ఎక్కువగా వాడతారు, ఎందుకంటే పుండు ఎలా ఉందో దూరం నుంచే కనపడుతుంది. క్యాంపు డాక్టర్లకు ఇది రోజూ చేసే పని. చెయ్యి తిరిగినవాళ్లు చిన్న కోతతో తొందరగా ముగిస్తారు, కుక్క మత్తులో ఉండే సమయమూ తగ్గుతుంది. టీకాలు, చర్మవ్యాధులు, విరేచనాలు చూస్తూ ఎప్పుడో ఒకసారి ఈ ఆపరేషన్ చేసే క్లినిక్ కన్నా ఈ ఒక్క విషయంలో క్యాంపుదే పైచేయి. కాబట్టి ప్రైవేటులో కూడా "సార్, మీరు ఈ ఆపరేషన్లు తరచుగా చేస్తరా?" అని అడగడానికి మొహమాటపడొద్దు.

మరి తక్కువ ధరలో ఏం తగ్గుతుంది? చాలాచోట్ల ముందు చేసే రక్తపరీక్ష ఉండదు. గ్యాస్ మత్తు, గొంతులో ట్యూబు ఉండకపోవచ్చు. తర్వాతి రోజులకు నొప్పి మాత్రలు ఇవ్వకపోవచ్చు. సాయంత్రానికి కుక్కను ఇంటికి తీసుకుపొమ్మంటారు. వీటిలో కొన్ని లేకున్నా నడుస్తుంది, కొన్ని లేకపోతే ప్రాణం మీదికొస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం రక్తపరీక్ష అంటాను. కారణం పిడుదులు. మన దగ్గర ఆరుబయట తిరిగే కుక్కకు చెవుల్లో, కాలివేళ్ల సందుల్లో పిడుదులు లేకపోతేనే వింత. అవి ఎర్లీకియా, బబేసియా లాంటి జబ్బులను ఎక్కిస్తాయి. ఎర్లీకియా ఉన్న కుక్క పైకి బాగానే తిరుగుతూ, తింటూ ఉండొచ్చు. లోపల మాత్రం ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటాయి. అలాంటి కుక్కను కోస్తే రక్తం ఆగదు. ఎంత మంచి డాక్టరైనా ముడి వేయగలడు కానీ ప్లేట్‌లెట్లను పుట్టించలేడు. ముక్కు నుంచి రక్తం కారినా, పొట్ట చర్మం మీద చిన్న ఎర్రచుక్కలు కనపడినా, చిగుళ్లు తెల్లగా ఉన్నా, ఈమధ్యే జ్వరం వచ్చి తిండి మానేసినా, పరీక్ష లేకుండా ఎక్కడా ఆపరేషన్ చేయించొద్దు. ఇందులో ఒక వెసులుబాటు ఉంది. పరీక్ష, ఆపరేషన్ ఒకే చోట జరగాలని లేదు. ప్రైవేటు క్లినిక్‌లో రక్తపరీక్ష ఒక్కటి చేయించుకుని, ఆ కాగితం పట్టుకుని క్యాంపుకు పోవచ్చు. మొత్తం ఖర్చు అప్పటికీ తక్కువే. వ్యాధి తేలితే ముందు దానికి మందు వాడి, ప్లేట్‌లెట్లు పెరిగాక మళ్లీ చూసుకోవాలి.

మత్తు సంగతి కుక్కను బట్టి ఉంటుంది. తక్కువ ఖర్చు చోట్ల ఎక్కువగా జైలజిన్, కెటమిన్ లాంటి ఇంజక్షన్లతోనే పని నడుస్తుంది. వయసులో ఉన్న, ఆరోగ్యంగా ఉన్న దేశీ కుక్క దాన్ని బాగానే తట్టుకుంటుంది. కాకపోతే ఇచ్చిన ఇంజక్షన్‌ను మధ్యలో తగ్గించుకోవడం కష్టం, తెలివి మెల్లగా వస్తుంది. ఐసోఫ్లురేన్ గ్యాస్ అయితే ఎప్పటికప్పుడు తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. పగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు మామూలుగానే ఊపిరి కష్టం. వాటికి పూర్తిగా మెలకువ వచ్చేదాకా గొంతులో ట్యూబు ఉండాలి, పక్కన మనిషి ఉండాలి. పగ్‌ను క్యాంపుకు తీసుకుపోతానంటే నేను వద్దంటాను, అది ఎంత పేరున్న క్యాంపైనా సరే. ఏడెనిమిదేళ్లు దాటినవి, గుండె జబ్బున్నవి, బాగా లావెక్కిన ల్యాబ్రడార్లు కూడా ఇదే లెక్క.

క్యాంపుకు, ప్రైవేటుకు మధ్య సర్కారు పశువుల దవాఖాన ఉంది. అక్కడ ఖర్చు నామమాత్రం. పెద్ద దవాఖానల్లో కుక్కల ఆపరేషన్లు చేసే డాక్టరు ఉంటే అదృష్టమే, కానీ ఆ మనిషికి బర్రెలు, గొర్రెలు, టీకాల డ్యూటీలు అన్నీ ఉంటాయి. కత్తి, దారం ఉన్నా మత్తు మందు బయట కొనుక్కురమ్మనే రోజులుంటాయి. వరంగల్ వాళ్లకు ఇంకో దారి మామునూరు పశువైద్య కళాశాల. మన పీవీ నరసింహారావు పేరుమీద ఉన్న విశ్వవిద్యాలయానిదే అది. జగిత్యాల వైపు వాళ్లకు కోరుట్లలో అలాంటిదే ఉంది. పశువైద్య కళాశాలలో విద్యార్థులు చుట్టూ నిలబడి చూస్తారు, పని నిదానంగా సాగుతుంది. కొందరికి అది ఇబ్బంది. నాకైతే ప్రొఫెసర్ చూస్తుండగా నిదానంగా జరిగే పనే నయమనిపిస్తుంది. అయితే ముందే ఫోన్ చేసి, ఏ రోజు చేస్తారో, ఏం తెచ్చుకోవాలో కనుక్కుని పోవాలి. ఏటా జూలై 6న పశువుల దవాఖానల్లో కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తుంటారు. ఆ రోజు పోతే డాక్టరు తీరు, అక్కడి శుభ్రత రెండూ ఒకేసారి చూసి రావొచ్చు.

క్యాంపుకైనా క్లినిక్‌కైనా నేను అడిగేవి కొన్నే. ప్రతి కుక్కకు విడిగా స్టెరిలైజ్ చేసిన పనిముట్ల సెట్ వాడుతున్నారా? మత్తు దిగేదాకా కుక్కలను ఎక్కడ పడుకోబెడుతున్నారు, పక్కన ఎవరైనా ఉంటున్నారా? నొప్పి తగ్గడానికి ఏం ఇస్తున్నారు? రాత్రి ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలి?

చివరి ప్రశ్నకు జవాబు లేకపోతే నాకు టెన్షన్. ఈ ఆపరేషన్‌లో పెద్ద ప్రమాదం లోపలి ముడి జారి రక్తం కారడం. అది చాలాసార్లు మొదటి రోజే బయటపడుతుంది. చిగుళ్లు పాలిపోవడం, పొట్ట ఉబ్బడం, పిలిచినా లేవకపోవడం దాని గుర్తులు. హనుమకొండలో ఉన్నవాళ్లకు అరగంటలో ఎవరో ఒక డాక్టరు దొరుకుతారు. ఏటూరునాగారం నుంచి దాదాపు 100 కిలోమీటర్లు వచ్చి, క్యాంపులో చేయించుకుని, అదే సాయంత్రం జీపులో తిరిగిపోతే ఆ రాత్రి ఎవరు చూస్తారు? 1962కు ఫోన్ చేస్తే వచ్చే సర్కారు పశువైద్య బండి ప్రధానంగా పాడి పశువుల కోసం పెట్టింది, దాన్ని నమ్ముకుని కూర్చోలేం. దూరం నుంచి వచ్చేవాళ్లు ఆ రాత్రికి పట్నంలో చుట్టాలింట్లో ఉండిపోవడం మంచిది.

కాజీపేటలో మా పక్కింటి అక్క అడిగింది: "మాది దేశీదే కదా తమ్మీ, ఎనిమిది నెలలది. క్యాంపుల చేయిస్తే సరిపోదా?" సరిపోతది అక్కా, ముందు రక్తం చూపించు అన్నాను. వయసులో ఉన్న, పిడుదుల జబ్బు లేని, టీకాలు పడిన దేశీ కుక్కకు మంచి క్యాంపు చాలు. ప్రైవేటుకు పెట్టే వేలల్లో సగం తిండికి, టీకాలకు పనికొస్తాయి. ఆ అక్కే పగ్‌ను పెంచుతుంటే నా జవాబు వేరేగా ఉండేది.

చాలామంది ఎటూ తేల్చుకోలేక అసలు మానేస్తారు. ఆపరేషన్ చేయించని ఆడకుక్కల్లో పదేళ్లు వచ్చేసరికి సుమారు నాలుగో వంతుకు గర్భసంచిలో చీము పడుతుందని స్వీడన్ బీమా లెక్కల్లో తేలింది. అప్పుడు అదే ఆపరేషన్‌ను జ్వరంతో, నీరసంతో ఉన్న ముసలి కుక్కకు, అర్జెంటుగా, ఎన్నో రెట్లు ఖర్చుపెట్టి చేయించాలి. ఎదకు వచ్చి ఉంటే మాత్రం ఆగాలి, ఆ సమయంలో రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి. అది తగ్గాక రెండు నెలలు ఆగి చేయిస్తే సుఖం. వానాకాలంలో తడి, ఈగలు. మే ఎండల్లో మత్తు దిగని కుక్కను ఆటోలో తీసుకురావడం మరీ కష్టం. నాకు నచ్చిన కాలం చలికాలమే.

ఇంటికి తెచ్చాక కుట్లు నాకకుండా మెడకు గరాటులాంటి కోన్ కట్టాలి, దొరక్కపోతే పాత బనియన్ తొడగాలి. కుట్లు తీసేదాకా, అంటే 10 నుంచి 14 రోజులు, స్నానం వద్దు. నొప్పితో మూలుగుతోందని మనం వాడే పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ వేయొద్దు, అవి కుక్కలకు విషం.

గేటు దగ్గర మీరు అన్నం పెట్టే వీధి కుక్క సంగతి వేరు. 2023 ఏబీసీ (జంతువుల సంతాన నియంత్రణ) నిబంధనల ప్రకారం వీధి కుక్కల ఆపరేషన్ల బాధ్యత మున్సిపాలిటీది, పెంపుడు కుక్కలది యజమానిది. కార్పొరేషన్‌కు చెప్తే పట్టుకుపోయి, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, చెవికి చిన్న గాటు పెట్టి మళ్లీ అక్కడే వదలాలి.

మగకుక్కకైతే ఇంత ఆలోచన అక్కర్లేదు. వృషణాలు రెండూ కిందికి దిగి ఉంటే పొట్ట కోసే పనిలేదు, చిన్న పని, తక్కువ ఖర్చు క్లినిక్‌లో ధైర్యంగా చేయించొచ్చు. ఆపరేషన్ అయ్యాక కూడా నెల రోజుల దాకా పిల్లలు పుట్టించే అవకాశం ఉంటుంది కాబట్టి, అన్నాళ్లు పక్కింటి ఆడకుక్క దగ్గరికి పోనివ్వొద్దు.