పర్లాకిమిడిలో డీజిల్ కారు, ఐదో ఏట నా రివ్యూ

2021లో కొత్తది తీసుకున్నాం, 1.5 లీటర్ డీజిల్ సెడాన్, ఓడీ 20 నంబరు, అంటే ఒడిశా గజపతి జిల్లాది. కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే నేను చెప్పే మెయిన్ ప్రాబ్లం డీపీఎఫ్, అంటే పొగలో మసి పట్టే ఫిల్టరు, ఉన్న ఏ డీజిల్ బండికైనా రావొచ్చు, మనలాంటి చిన్న ఊళ్లలో ఉన్నోళ్లకి కొనేముందే తెలియాలి.

ముందు మంచి చెప్తా. పలాస వెళ్లి 16 నంబరు హైవే ఎక్కితే ఇంత హాయి బండి ఇంకోటి లేదనిపిస్తుంది. లీటరుకి 20 పైనే ఇస్తుంది, విశాఖ దాకా వెళ్లినా నడుం నొప్పి రాదు, ఏసీ బ్రహ్మాండం.

గొడవంతా ఊళ్లోనే. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 అని కొత్త పొల్యూషన్ రూల్ వచ్చింది కదా, డీజిల్ బళ్లకి సైలెన్సర్ లైన్లో మసి పట్టే ఫిల్టరు పెట్టారు, అదే డీపీఎఫ్. నిండాక ఆ మసిని అదే కాల్చుకోవాలి, దానికి లోపల దాదాపు 600 డిగ్రీల వేడి రావాలి, అది రావాలంటే బండి ఆపకుండా ఓ పావుగంటో ఇరవై నిమిషాలో స్పీడుగా పోవాలి. మాకు ఇంటి నుంచి షాపుకి, షాపు నుంచి పాతపట్నానికి, మళ్లీ ఇంటికి, అంతే తిరుగుడు. ఇంజన్ వేడెక్కేలోపే తాళం తీసేస్తాం. రెండో ఏడాదికే పసుపు లైటు మొదలైంది, తర్వాత లింప్ మోడ్, అంటే యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి ఈడ్చుకుంటూ పోద్ది.

లైటు కన్నా పెద్ద ప్రమాదం ఇంకోటుంది, ఇది ఎవరూ చెప్పరు. కాల్చడం మధ్యలో ఆగిపోయిన ప్రతిసారీ అందుకోసం ఇంజన్లోకి ఎక్కువగా కొట్టిన డీజిల్ కొంత ఇంజన్ ఆయిల్లో కలుస్తుంది. మా వీధి మెకానిక్ డిప్‌స్టిక్, అదే ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల, లాగి చూపించాడు, ఆయిల్ మ్యాక్స్ గీత దాటి పైకుంది, మేమేమీ పోయలేదు. వేలికి రాసుకుంటే నీళ్లలా జారిపోతోంది, ఒకటే డీజిల్ కంపు. ఇలాగే నడిపితే బేరింగులు పోతాయి బాబూ అని అప్పటికప్పుడు ఆయిల్ మార్చీసాడు. షోరూంలో ఎన్నిసార్లు సర్వీస్ చేయించినా ఒక్కళ్లూ చెప్పని మాట అది. కానీ పాపం అతని దగ్గర బండి కంప్యూటర్‌కి తగిలించే స్కానర్ లేదు, ఫిల్టరు కాల్పించాలంటే శ్రీకాకుళమో బరంపురమో పోవాల్సిందే. అక్కడ కంప్యూటర్లో పడ్డ ఎర్రర్ కోడ్ తుడిచి పంపించేస్తారు, కొన్నాళ్లకి మళ్లీ అదే లైటు. చివరికి ఫిల్టరే మార్చాలని లక్ష దాటి ఎస్టిమేట్ వేశారు, వారంటీ అడిగితే మీ డ్రైవింగ్ వల్ల వచ్చింది, వర్తించదు అన్నారు. మరి అమ్మేటప్పుడు రోజూ ఎంత దూరం తిరుగుతారని ఒక్క ముక్క అడగాలి కదా? నాకు కోపం అక్కడే.

రెండోది కూలెంట్ లీకు, అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం కారడం. అది పోయే దారిలో వాల్వు ఉండే డబ్బా, థర్మోస్టాట్ హౌసింగ్, ప్లాస్టిక్‌ది, జాయింటు దగ్గర గులాబీ రంగు మరక ఎండి పొక్కు కట్టి ఉంటుంది, బానెట్ ఎత్తినప్పుడల్లా అది చూసుకోండి. ఒకసారి మార్చాం, మళ్లీ కారింది. అమ్మని తీసుకుని ఆర్.ఉదయగిరి ఘాటు ఎక్కుతుంటే టెంపరేచర్ పైకి పోయింది, ఆ ఎండలో చెట్టు నీడన కూర్చోబెట్టి చల్లారేదాకా ఆగాం. అమ్మకి బీపీ. ఆరోజు పడ్డ భయం ఇంకా పోలేదు.

టోయింగ్ గురించి కూడా చెప్పాలి. ఇంకోసారి పాతపట్నం దాటాక బండి ఆగింది, కాల్ సెంటర్ వాళ్లకి బండి నంబరు ఒడిశా, నిలబడింది ఆంధ్రాలో అని ఎంత చెప్పినా ఎక్కదు, ఒకళ్లు బరంపురం నుంచి పంపుతామంటారు ఇంకొకళ్లు శ్రీకాకుళం అంటారు, మధ్యాహ్నం ఫోన్ చేస్తే బండిని ఎక్కించుకుపోయే ఫ్లాట్‌బెడ్ లారీ వచ్చేసరికి చీకటి పడింది. బోర్డర్లో ఉన్నోళ్లు ఊరి పేరు చెప్పి ఊరుకోకుండా లొకేషన్ పిన్ పంపండి, కంప్లైంట్ నంబరు అడిగి రాసుకోండి.

క్లచ్, ఏసీ పైపు లాంటివి కూడా వచ్చాయి గానీ అవి ఏ బండికైనా ఉండేవే.

రోజూ టెక్కలో శ్రీకాకుళమో వెళ్లొచ్చే పని ఉంటే ఈ డీజిల్ నిక్షేపంలా తీసుకోండి, ఫిల్టరు గోల అంతగా ఉండదు. పర్లాకిమిడి, గుణుపురంలో ఊళ్లోనే తిరిగేవాళ్లు మాత్రం పెట్రోల్ చూసుకోండి. మేమూ దసరా వెళ్లాక దీన్ని అమ్మేసి పెట్రోల్ తీసుకుంటున్నాం, కొనేవాళ్లకి బిల్లులన్నీ ముందు పెట్టి, డిప్‌స్టిక్ కూడా చూపించే ఇస్తా.