హైదరాబాద్ – విజయవాడ ఆర్టీసీ బస్సు: బోర్డర్ దాటే బస్సులు ఆగిన ఆ ఏడు నెలలు చూసినదాన్నిగా నా రివ్యూ

నేను ఎల్బీనగర్‌లో ఉంటా, అమ్మ ఏపీ వైపు జగ్గయ్యపేటలో, అక్కని తెలంగాణ వైపు కోదాడ ఇచ్చారు. అంటే మా ముగ్గురి మధ్య నుంచి రాష్ట్రాల బోర్డర్ వెళ్తుంది అన్నమాట. నెలకోసారన్నా ఈ రూట్లో బస్సెక్కుతా, ఒక్కోసారి ఏపీ బస్సు ఒక్కోసారి తెలంగాణ బస్సు, ఏది ముందొస్తే అది. సీట్లు, ఏసీ గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను కూడా రాస్తా గానీ ఈ సర్వీసులో నాకు అసలు విలువైనది వేరే ఉంది, దిగకుండా బోర్డర్ దాటించడం, అది చెప్పాలనే ఇంత రాస్తున్నా.

ముందు బస్సు సంగతి. నేను ఎక్కువగా ఎక్కేది సూపర్ లగ్జరీ. పుష్‌బ్యాక్ సీటు నడుంకి హాయిగా ఉంటుంది, డ్రైవరే టికెట్ కొడతాడు, ఎల్బీనగర్ దాటాక హయత్‌నగర్ ట్రాఫిక్ లోంచి బయటపడ్డామంటే ఇంక చౌటుప్పల్, నకిరేకల్, సూర్యాపేట ఒకే ఊపు. ఎండాకాలం అయితే ఏసీ వాటిల్లో వెళ్తా, ఏపీ వాళ్ళ అమరావతి గానీ, తెలంగాణ వాళ్ళు 2023 మే నుంచి నడుపుతున్న ఈ-గరుడ గానీ. ఈ-గరుడ కరెంటు బస్సు కదా, ఇంజను మోత లేదు, పిల్లాడు ఎక్కంగానే నిద్రపోయాడు. దారిలో భోజనానికి ఆపిన ఒక హోటల్ మాత్రం నాకు అస్సలు నచ్చలా, ఇడ్లీ చల్లగా ఉంది, రేటేమో సిటీ కంటే ఎక్కువ, బాత్రూమ్ వైపు వెళ్ళలేం, అందుకే ఇప్పుడు ఇంటి నుంచే పులిహోర కట్టుకెళ్తున్నా.

కోదాడ దాటాక రామాపురం క్రాస్‌రోడ్డు, తర్వాత పాలేరు మీద వంతెన, అవతల గరికపాడు చెక్‌పోస్టు. బస్సు అక్కడ ఆగదు, నిద్రలో ఉంటే రాష్ట్రం మారిందని కూడా తెలీదు. మాట మారదు, యాస మారదు, చేలల్లో పత్తి మిర్చి అవే. మా తాతయ్య చెప్పేవాడు, ఇది 2014లో కొత్తగా వచ్చిన గీత కాదు, నిజాం రోజుల్లో కూడా అటు హైదరాబాద్ స్టేట్ ఇటు ఇంగ్లీషు వాళ్ళ కృష్ణా జిల్లా అని. ఇంకో విశేషం, కోదాడకి ముందొచ్చే మునగాల పరగణా చుట్టూ నిజాం ఊళ్ళే అయినా అది కృష్ణా జిల్లాలోనే ఉండేది, చాలా కాలం తర్వాత నల్గొండలో కలిసింది. బస్సు మునగాల దాటినప్పుడల్లా నాకు ఆ మాట గుర్తొస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కి బస్సులు ఆగాయి కదా, తర్వాత ఏ రాష్ట్రంలో వాళ్ళ బస్సులు ఆ రాష్ట్రంలో తిరగడం మొదలైనా బోర్డర్ దాటే బస్సులు మాత్రం నవంబర్ దాకా రాలేదు. కారణం కరోనా ఒక్కటే కాదు. ఒక రాష్ట్రం బస్సు ఇంకో రాష్ట్రంలో తిరగాలంటే రెండు రాష్ట్రాల మధ్య ఒప్పందం ఉండాలి, విభజన తర్వాత అది చేసుకోకుండానే ఆరేళ్ళు పాత అలవాటు మీద నడిపేశారు. ఆగిన బస్సుల్ని మళ్ళీ తిప్పాలనేసరికి ఎవరు ఎన్ని కిలోమీటర్లు అనే లెక్క దగ్గర ఆగిపోయింది, ఎందుకంటే అప్పటిదాకా ఏపీ బస్సులు తెలంగాణలో రోజుకి 2.65 లక్షల కిలోమీటర్లు తిరిగేవి, తెలంగాణ బస్సులు ఏపీలో 1.52 లక్షలే.

ఆ దసరాకి నేను పిల్లాణ్ణి తీసుకుని బయల్దేరా, ఏడు నెలలైంది అమ్మని చూసి. తెలంగాణ బస్సు బోర్డర్ దగ్గర దింపేసింది, అక్కడి నుంచి కొంత ఆటో కొంత నడక, ఒక చేత్తో బ్యాగు ఇంకో చేత్తో వాడు, నా ముందు ఒక పెద్దావిడ నెత్తిన మూట పెట్టుకుని పాలేరు వంతెన మీద నడుస్తోంది, అవతల ఏపీ బస్సు నిలబడి ఉంది. ఎదురుగా వచ్చేవాళ్ళు కూడా మాలాగే మూటలతో. పండక్కి ఇంటికెళ్ళే జనం అలా ఒక బస్సు దిగి ఇంకో బస్సుకి నడుచుకుంటా పోవడం చూసి నాకు ఏడుపొచ్చింది. అమ్మ చిల్లకల్లు అడ్డరోడ్డు దాకా ఎదురొచ్చి నిలబడింది.

తర్వాత వారానికే, నవంబర్ 2న సంతకాలయ్యాయి. తెలంగాణవి 826 బస్సులు ఏపీలో 1,61,258 కిలోమీటర్లు, ఏపీవి 638 బస్సులు తెలంగాణలో 1,60,999 కిలోమీటర్లు, దాదాపు సరిసమానం. దీనికోసం ఏపీ వైపు వెయ్యికి పైగా ఉన్న బస్సుల్లో చాలా తగ్గించుకున్నారు, అది మాకు నష్టమే అని మా ఊళ్ళో అన్నవాళ్ళున్నారు, నేను ఒప్పుకోను, కిలోమీటర్లు కొన్ని పోయినా దారి తెరుచుకుంది కదా.

దారి మూస్తే ఏమవుతుందో 2021 మేలో ఇదే గరికపాడు దగ్గర మళ్ళీ చూశాం, ఆక్సిజన్ పెట్టుకున్న పేషెంట్లతో ఏపీ నుంచి హైదరాబాద్ వెళ్ళే అంబులెన్సులు తెలంగాణ ప్రభుత్వ ఉత్తర్వులున్నాయని ఆపేశారు, మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వుల మీద స్టే ఇచ్చాకే కదిలాయి. 2024 సెప్టెంబర్ వరదల్లో అయితే పాలేరు పొంగి ఆ వంతెన దగ్గరే రోడ్డు దెబ్బతింది, అప్పుడు బండ్లని మిర్యాలగూడ, పిడుగురాళ్ళ, గుంటూరు మీదుగా తిప్పి పంపారు. చుట్టుదారైనా దారి అనేది ఉంది. వరద తగ్గితే రోడ్డు బాగుచేసుకోవచ్చు, మనుషులు మూసిన దారి తెరవడానికి ఏడు నెలలు పట్టింది.

ఇంకా మారాల్సింది ఒకటుంది. నాకు తెలంగాణలో ఆడవాళ్ళ ఫ్రీ బస్సు పథకం మహాలక్ష్మి కింద ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగుల్లో జీరో టికెట్ వస్తుంది, 2025 ఆగస్టు 15 నుంచి అమ్మకి ఏపీలో అలాంటిదే స్త్రీశక్తి ఉంది. కానీ స్త్రీశక్తి బోర్డర్ దాటే సర్వీసులకి వర్తించదు, మహాలక్ష్మి సరిహద్దు దాకానే. అమ్మ విజయవాడ దాకా ఫ్రీగా వెళ్ళొస్తుంది, పక్కనే ఉన్న కోదాడకి కూతురింటికి వెళ్ళాలంటే టికెట్ కొనాలి. అక్క బోర్డర్ దాకా జీరో టికెట్, అక్కడి నుంచి డబ్బులు. రెండు ప్రభుత్వాలూ దయచేసి కనీసం బోర్డర్ పక్క ఊళ్ళ మధ్య తిరిగే బస్సులకైనా ఒకళ్ళ గుర్తింపు కార్డు ఇంకొకళ్ళు ఒప్పుకోండి, కిలోమీటర్లు లెక్కేసి పంచుకున్నవాళ్ళకి ఇది కష్టం కాదు. కోదాడ, జగ్గయ్యపేట మధ్య పెళ్ళి సంబంధాలు ఎన్నున్నాయో ఆ బస్సెక్కితే తెలుస్తుంది, సగం మంది ఆడవాళ్ళు పుట్టింటికో అత్తింటికో వెళ్ళేవాళ్ళే.

ఇంకో సంగతి, రెండు ఆర్టీసీల సొంత బస్సుల నంబర్లలోనూ జెడ్ అక్షరం ఉంటుంది చూడండి. నిజాం తన తల్లి జెహ్రా బేగం పేరు మీద పెట్టించాడని చెప్తారు. 1932లో నిజాం హయాంలో 27 బస్సులతో మొదలైన రవాణా శాఖ నుంచి వచ్చిందే ఈ ఆర్టీసీ, రెండైనా ఆ అక్షరం ఇద్దరూ ఉంచుకున్నారు. నాకది చాలా ఇష్టం.

నా రేటింగ్ అయిదుకి నాలుగున్నర, ఆ అర అమ్మ టికెట్ కోసం పట్టుకున్నా. వెళ్ళేవాళ్ళకి చెప్పేదేంటంటే ఫోన్లో రెండు ఆర్టీసీల యాప్‌లూ పెట్టుకోండి, ఒకదాంట్లో సీట్లు అయిపోతే ఇంకోదాంట్లో దొరుకుతాయి. పోయిన సంక్రాంతికి ఒక ప్రైవేట్ ట్రావెల్స్ వాళ్ళు మామూలు రేటుకి మూడింతలు అడిగారు, ఆర్టీసీ స్పెషల్‌లో సీటు దొరికి బతికిపోయా. జగ్గయ్యపేట వాళ్ళయితే ఎక్కేటప్పుడే డ్రైవర్‌ని అడగండి, "అన్నా, ఊళ్ళోకి వెళ్తుందా, చిల్లకల్లు దగ్గర దింపుతావా" అని, విజయవాడ బస్సులు చాలావరకు హైవే మీద నుంచే పోతాయి, అక్కడి నుంచి ఊళ్ళోకి రాత్రి పూట కూడా ఆటోలుంటాయి.