తేలినీలాపురం పక్షులకు నూటికి నూరు, మా ప్యాకేజీకి సున్నా

ముందే చెప్పేస్తున్నా. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం తప్పకుండా చూడండి. గైడుతో కలిపి ప్యాకేజీ అంటే మాత్రం ఒప్పుకోకండి. విశాఖలో ఒక ట్రావెల్స్ వాళ్లు కారుకు 7,200, ‘పక్షుల నిపుణుడి’కి విడిగా 1,500 తీసుకుని మమ్మల్ని పంపారు. టెక్కలి దాకా ప్రయాణం హాయిగా సాగింది.

ఊళ్లో దిగగానే నిపుణుడు అందుకున్నాడు: ‘ఇవన్నీ సైబీరియా నుంచి వచ్చినవి సార్.’ అక్కడ గూళ్లు కట్టేవి గూడబాతులు, అంటే పెలికాన్లు, వాటితోపాటు పెయింటెడ్ స్టార్క్ కొంగలు. రెండూ దక్షిణాసియా, ఆగ్నేయాసియాల్లో బతికే జాతులే. సైబీరియా ఎటుందో కూడా వాటికి తెలియదు. సెప్టెంబరు ప్రాంతంలో వచ్చి, పిల్లలకు రెక్కలొచ్చాక వేసవి మొదట్లో వెళ్లిపోతాయి. పదిహేను వందలు తీసుకున్న మనిషికి ఈ మాత్రం తెలియదా అని నాకు అప్పుడే ఒళ్లు మండింది.

అసలు ఘోరం తర్వాత జరిగింది. మా బావగారు కొత్త లెన్సు కొన్నారు. ‘ఎగిరే ఫొటో ఒక్కటి పడితే చాలు’ అన్నారు. అంతే, నిపుణుడు చింతచెట్టు కిందికి వెళ్లి టపటపా చప్పట్లు కొట్టాడు. రెక్కలు చాపితే రెండు మీటర్లు దాటే పక్షులు ఒక్కసారిగా లేచాయి. బావగారు ఆనందంగా క్లిక్కుమనిపిస్తుంటే, పక్కింట్లోంచి ఒక పెద్దావిడ చీపురుతో సహా బయటికొచ్చింది.

‘ఏటి బాబూ, గూళ్లో పిల్లలున్నాయి. కింద పడితే నువ్వొచ్చి ఎక్కిస్తావేటి?’

నిపుణుడు నీళ్లు నమిలాడు. బావగారు కెమెరా సంచిలో పెట్టేశారు. తల్లి లేచిపోతే గూడు ఎండకూ కాకులకూ వదిలేసినట్టేనని ఆవిడే చెప్పింది. ఆ చెట్టు వాళ్ల పెరటిదే. రెట్టలు, కుళ్లిన చేపల కంపు, ఆరేసిన బట్టల మీద మరకలు, అన్నీ భరిస్తారు. గూళ్లున్నన్నాళ్లూ కొమ్మ మీద కత్తి పెట్టరు. ‘ఆడపిల్లలు పురిటికొచ్చినట్టు వస్తాయి, తరిమేస్తామా?’ అంది. నిపుణుడి ఉపన్యాసమంతా కలిపినా ఈ ఒక్క మాటకు సరిపోదు.

ఆ చెడ్డ సంవత్సరం గురించి కూడా ఆవిడే ఎత్తింది. 2021 డిసెంబరు, 2022 జనవరి మధ్య ఇక్కడ వందకు పైగా పెలికాన్లు చచ్చిపోయాయి. తిన్న చేపల ద్వారా కడుపులో చేరిన నులిపురుగులే కారణమని పరీక్షల్లో తేలింది. ఊరంతా కలిసి చెట్లను కాపాడుకోగలరు, కానీ ఎక్కడెక్కడి చెరువుల్లోనో ఆ పక్షులు తినే చేపకు ఎవరు కాపలా కాస్తారు?

రాత్రి లాడ్జికి 1,400. దోమలు ఉచితం. దాని గురించి ఇంతకన్నా రాయను.

వెళ్లేవాళ్లు డిసెంబరు, జనవరుల్లో వెళ్లండి, తెల్లారేసరికి ఊళ్లో ఉండండి. నౌపడ స్టేషన్‌లో దిగితే ఆటో దొరుకుతుంది. బైనాక్యులర్స్ మీవే తీసుకెళ్లండి. డ్రోన్, హారన్ వద్దు. చెట్టు కింద టోపీ మాత్రం మర్చిపోవద్దు, నా చొక్కా మీది రెట్ట మరక ఇంకా వదల్లేదు.

తిరిగొచ్చాక గైడు డబ్బులు వెనక్కి ఇమ్మని అడిగాను. ‘ఇవ్వలేం సార్, చిలికా ట్రిప్పులో 300 తగ్గిస్తాం’ అన్నారు. ఫోన్ పెట్టేశాను. మా బావగారేమో చిలికా ఏ తేదీల్లో అని అడుగుతున్నారు.