సాయంత్రం 7 గంటలకే కట్టేసే పిల్లల ఛానల్: కొన్నేళ్లు చూశాక నా అభిప్రాయం

బీబీసీ వాళ్ల చిన్నపిల్లల ఛానల్ సీబీబీస్‌లో నాకు అన్నిటికన్నా నచ్చేది, సాయంత్రం 7 గంటలకు ఆ ఛానల్ ఆగిపోవడం. ఇంగ్లండ్‌లో చిన్నపిల్లలున్న తెలుగు ఇళ్లల్లో దాని గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. ఏ కార్యక్రమం బాగుంటుందో ఎవరి పిల్లలు వాళ్లకి రోజూ చెబుతూనే ఉంటారు. నేను రాయాలనుకున్నది రాత్రి సంగతి ఒక్కటే. మా పెద్దాడు, వాడి తర్వాత చిన్నది, ఇద్దరూ ఈ ఛానల్ చూస్తూనే పెరిగారు.

6 గంటలు దాటితే ఛానల్ నెమ్మదిస్తుంది. గోల తగ్గుతుంది, పాటలు మెత్తబడతాయి. 6:50కి ఎవరో ఒకరు కూర్చుని బొమ్మల పుస్తకం ఒకటి చదివి వినిపిస్తారు. టామ్ హార్డీ లాంటి సినిమా నటులు కూడా వచ్చి చదివారు. కథ అయిపోయాక పిల్లలకి గుడ్‌నైట్ చెప్పేస్తారు. మళ్లీ ఉదయం 6 వరకు ఏమీ రాదు. పాత ఎపిసోడ్లు తిప్పి తిప్పి వెయ్యడం, పెద్దవాళ్ల కార్యక్రమాలతో ఖాళీ నింపడం, ఏదీ ఉండదు.

టీవీ ఆపెయ్యమని నేను చెప్పక్కర్లేదు. ఇది ఎంత హాయో పిల్లలున్నవాళ్లకే తెలుస్తుంది. నేను ఆపితే అమ్మ ఆపిందని ఏడుపు. ఛానలే ఆగిపోతే ఎవరి మీద ఏడవాలి? ఆ ఏడుపు లేకుండా అన్నం తినిపించి పడుకోబెట్టిన సాయంత్రాలు మా ఇంట్లో చాలా ఉన్నాయి.

దీని విలువ నాకు పూర్తిగా తెలిసింది మాత్రం ఒక డిసెంబరులో ఖమ్మం వెళ్లినప్పుడు. చలికాలంలో ఇక్కడికీ ఇండియాకీ ఐదున్నర గంటల తేడా. అక్కడ అర్ధరాత్రి దాటి 20 నిమిషాలైతే ఇక్కడ సరిగ్గా 6:50, అంటే కథ వచ్చే వేళ. మా చిన్నదానికి అప్పుడు నాలుగేళ్లు. ఊరంతా నిద్రపోతుంటే దాని కళ్లు మాత్రం తేటగా ఉన్నాయి. నన్ను పడుకోమని చెప్పి, అమ్మ దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, తెలుగులో వచ్చే ఒక పిల్లల ఛానల్ పెట్టింది. కార్టూన్ నడుస్తోంది. ఒకడు పరుగెడుతున్నాడు, ఇంకొకడు వాడి వెంట పడుతున్నాడు, దెబ్బలాట. మధ్యాహ్నం వేసిన ఎపిసోడే మళ్లీ. "స్టోరీ ఎప్పుడొస్తుంది?" అని చిన్నది అడుగుతోంది. "ఇదిగో, ఇది అవ్వగానే పడుకుందాం తల్లీ" అని అమ్మ. అది అయ్యింది. పేర్లు కూడా పూర్తిగా పడకముందే ఇంకొకటి మొదలైంది. తర్వాత మరొకటి. ఎక్కడ ఆపాలో అమ్మకి తెలియలేదు, దానికీ తెలియలేదు. నేను 2 గంటలకు లేచి చూస్తే ఇద్దరూ మెలకువగానే ఉన్నారు. అమ్మకి కాళ్లు తిమ్మిరెక్కి లేవలేకపోతోంది. రిమోట్ తీసి నొక్కాను. ఆ ఏడుపుకి మా చిన్నాన్న వాళ్లు పై మేడ మీంచి దిగి వచ్చారు.

ఆ ఒక్క రాత్రితో పోలేదు. ఆ వారమంతా అంతే. అర్ధరాత్రి వేళ పిల్లల ఛానల్‌లో పట్టపగలు వేసే కార్యక్రమాలే, అదే హోరుతో వెయ్యడం దేనికో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఛానల్ మూసెయ్యమని అడగను. 9 దాటాక కాస్త నిదానంగా ఉండే కథలు, జోల పాటలు వెయ్యొచ్చు కదా. మనకి తెలుగులో జోల పాటలకి కొదవా?

తిరిగి వచ్చాక దీనికి సరిగ్గా తలకిందులుగా జరిగింది. ఖమ్మంలో ఉదయం 7 అంటే ఇక్కడ రాత్రి ఒంటిగంటన్నర. ఆ వేళకి చిన్నది ఠంచనుగా లేచి, కిందికి దిగి, టీవీ పెట్టేది. సీబీబీస్ రాదు. "వాళ్లింకా లేవలేదా?" అంది మొదటి రాత్రి. లేవలేదన్నాను. ఇక నాకు టెన్షన్ మొదలైంది, ఇప్పుడు రాగం తీస్తుంది, పక్కవాళ్లు లేస్తారు అని. అది ఏడవలేదు. వాళ్లు నిద్రపోతున్నారన్న మాట దానికి సరిపోయింది. కాసేపు బ్లాకులు పేర్చుకుని, పాలు తాగి, సోఫా మీదే పడుకుంది. రెండు మూడు రాత్రుల్లో దాని నిద్ర దారిన పడింది. పద్ధతులు నేర్పే పుస్తకాలు చదివి పిల్లల్ని పడుకోబెట్టాలని చూసినదాన్ని నేను. అవేవీ చెయ్యలేని పని ఖాళీ తెర చేసింది.

అయితే ఇదంతా పిల్లల నిద్ర కోసమే పెట్టిన ఏర్పాటని మురిసిపోనక్కర్లేదు. 7 తర్వాత ఆ ప్రసారపు జాగాను పెద్దల ఛానల్ బీబీసీ ఫోర్ వాడుకుంటుంది. రెండూ 2002లోనే, నెల కూడా తేడా లేకుండా మొదలయ్యాయి. కాస్త పెద్ద పిల్లల సీబీబీసీదీ అదే కథ. 2016లో దాన్ని రాత్రి 9 వరకు పెంచారు. దాని జాగా వాడుకునే యువత ఛానల్ బీబీసీ త్రీ మళ్లీ టీవీలోకి వస్తోందని 2022 జనవరిలో తిరిగి 7కి తగ్గించారు. మా పెద్దాడు అప్పుడు చాలా గింజుకున్నాడు, వాడి కోపంలో న్యాయం ఉంది. పదేళ్లవాడికి 7 గంటలు మరీ తొందర. జూన్‌లో అయితే ఇక్కడ 9 దాటినా వెలుగు ఉంటుంది. ఆ నెలల్లో చిన్నదాన్ని కూడా కర్టెన్లు వేసి నమ్మించాలి.

అయినా అమెరికా పద్ధతి కంటే ఇదే నయం. డాలస్‌లో మా వదిన వాళ్లింట్లో చూశాను. అక్కడ కార్టూన్ నెట్‌వర్క్ ఛానల్‌లోనే 2001 నుంచి రాత్రిళ్లు అడల్ట్ స్విమ్ పేరుతో పెద్దవాళ్ల కార్టూన్లు వస్తున్నాయి. 2023లో దాన్ని సాయంత్రం 5కే జరిపారు. బడి నుంచి వచ్చి బ్యాగు దించిన పిల్లాడికి, బొమ్మల్లా కనిపించేవన్నీ తనవి కావని ఎలా తెలుస్తుంది? వదిన పిల్లలకి ఆ ఛానలే తీసేసింది.

ఇప్పుడు మా ఇంట్లో కూడా మునుపటంత ధీమా లేదు. బీబీసీ వాళ్ల ఐప్లేయర్ యాప్‌లో ఇవే కార్యక్రమాలు రాత్రీపగలూ దొరుకుతాయి. చిన్నదానికి ఆ గుర్తు ఎక్కడుందో తెలిసిపోయింది. వాళ్లు నిద్రపోతున్నారని ఇక చెప్పలేను. యాప్ లేకుండా టీవీలో ఛానల్ మాత్రమే చూసే ఇళ్లల్లోనే 7 గంటల కట్టుబాటు నిలుస్తుంది.

ఖమ్మం గురించి ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ రాత్రుళ్ల తర్వాత ఒక పొద్దున చిన్నది వాకిట్లోంచి లోపలికి పరుగెత్తుకొచ్చి, "అమ్మమ్మా, వాడు నన్ను తరుముతున్నాడు, తలుపు వెయ్యి!" అంది. పక్కింటి పిల్లాడు వెనకాలే ఉన్నాడు. ఏది అడిగినా ఇంగ్లీషులో జవాబు చెప్పే పిల్ల అది. తరమడం అనే మాట మా ఇంట్లో ఎవరమూ వాడం. అమ్మ సంబరం ఇంతా అంతా కాదు. ఆ మాట సీబీబీస్ ఎన్నేళ్లు చూసినా వచ్చేది కాదు. అందుకే ఆ తెలుగు ఛానల్ మీద నా కోపం రాత్రి వరకే. పగలు పెట్టుకుని చూడమనే చెబుతాను.

ఐదారేళ్ల లోపు పిల్లలుండి, 6 గంటలకల్లా ఇద్దరిలో ఒకరు ఇంట్లో ఉండేవాళ్లకి సీబీబీస్ కావాలనే అంటాను. మా పక్కింటి దంపతులు ఇద్దరూ హాస్పిటల్‌లో షిఫ్టులు చేస్తారు. వాళ్లు ఇల్లు చేరేసరికే అది కట్టేసి ఉంటుంది, వాళ్లకి ఐప్లేయరే మేలు. ఇక్కడ బీబీసీ చూడాలంటే ఏటా కట్టాల్సిన టీవీ లైసెన్స్ రుసుము 2025 ఏప్రిల్‌లోనే 174.50 పౌండ్లు అయ్యింది. మా ఆయన మానేద్దామంటున్నారు. చిన్నది కథ కోసం 6:50కి వచ్చి కూర్చున్నన్నాళ్లు కడదామని నేనంటున్నాను.